చిక్కగా ఉంటే మంచి మందేనా?

ఈసారి పోస్టు కొంచెం పొడుగే, ఓపిక చేసుకుని చదవండి. సైన్సు కూడా ఉంది. భయపడాల్సిందేమీ లేదు, మన వంటింట్లో, రోట్లో, చల్లకుండలో రోజూ చూసే సైన్సే. మిరప నాట్లు పడుతున్నాయి. ఇంకో నెల పోతే అందరం పంపులు భుజానికి ఎత్తుకుంటాం, కాబట్టి ఇప్పుడే రాస్తున్నా.

మనకో అలవాటు ఉంది. షాపులో మందు సీసా చేతికిస్తే ముందు ఒకసారి వంచి చూస్తాం. లోపల పాకంలా మెల్లగా జారితే "సరుకు బాగుంది" అనుకుంటాం. నీళ్ళలా గళగళమంటే "ఇదేదో కల్తీలా ఉందే" అంటాం. తర్వాత బకెట్లో పోయగానే పాలలాగా తెల్లగా విచ్చుకుంటే ఇంకా నమ్మకం. ఈ సంగతి అమ్మేవాళ్ళకి మనకంటే బాగా తెలుసు. "చూడండి అన్నా, ఎంత చిక్కగా ఉందో" అని మన కళ్ళ ముందే సీసా తిప్పి చూపించి అమ్మేస్తారు.

నేను చెప్పేది ఒక్కటే. చిక్కదనానికీ, మందు బలానికీ సంబంధం లేదు. చిక్కదనం ఎందుకు పెట్టారో తెలుసుకోకుండా దాన్ని చూసి మందు కొనడం, కలపడం వల్ల మనం నష్టపోతున్నాం. మందులో దోషం లేకపోయినా "మందు పనిచెయ్యలేదు" అని ఇంకో మందు కొంటున్నాం. ఎకరా మిరపకి మందులకే ఎంతవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంటర్‌లో స్నిగ్ధత అని ఒక పాఠం ఉండేది, గుర్తుందా? ద్రవం పారడానికి ఎంత మొరాయిస్తుందో ఆ లెక్క. మనం చిక్కదనం అనేది దాన్నే. న్యూటన్ చెప్పిన పద్ధతి ప్రకారం నడిచే ద్రవాలు కొన్ని ఉన్నాయి. నీళ్ళు, కిరోసిన్, వంటనూనె, బెల్లం పాకం ఇలాంటివి. వీటిని మెల్లగా తిప్పినా గబగబా తిప్పినా చిక్కదనం మారదు. వేడి చేస్తే పల్చబడతాయి, అది వేరు. తిప్పుడు వల్ల మాత్రం మారదు.

ఇంకో జాతి ద్రవాలు న్యూటన్ మాట వినవు. గిన్నెలో తోడుకున్న పెరుగు గట్టిగా కూర్చుని ఉంటుంది, గరిటె పెట్టి నాలుగు తిప్పులు తిప్పితే జారుతుంది. గోడకేసే పెయింటు అంతే. కుంచెతో లాగుతుంటే సాగుతుంది, వదిలేస్తే గోడ మీదే నిలబడుతుంది, కారదు. టమాటా సాస్ సీసా బోర్లిస్తే రాదు, నాలుగు ఊపులు ఊపితే ఒక్కసారిగా పడుతుంది. దీనికి తిరగబడ్డవి కూడా ఉన్నాయి. మొక్కజొన్న గంజిపిండి చిక్కగా నీళ్ళలో కలిపి గట్టిగా గుద్దితే గట్టిపడుతుంది, మెల్లగా వేలు పెడితే లోపలికి పోతుంది. పిల్లలకి చేసి చూపించండి, సరదాపడతారు.

ఇప్పుడు మన మందు సీసా దగ్గరికి వద్దాం. లేబుల్ మీద మందు పేరు పక్కన రెండు అక్షరాలు ఉంటాయి. ఇ.సి. అనో, ఎస్.సి. అనో. మనం వాటిని చూడం, శాతం మాత్రం చూస్తాం. అసలు కథ ఆ రెండు అక్షరాల్లోనే ఉంది.

ఇ.సి. అంటే మందుని ఒక నూనెలాంటి ద్రావకంలో కరిగించి, నీళ్ళలో కలిసేందుకు సబ్బులాంటి పదార్థం చేర్చింది. సీసాలో ఉన్నప్పుడు తేటగా, పల్చగా ఉంటుంది. నీళ్ళలో పడగానే నూనె కోట్ల కోట్ల చిన్న చుక్కలుగా చీలిపోయి పాలలా తెల్లబడుతుంది. దీన్నే ఎమల్షన్ అంటారు. పాలు కూడా ఎమల్షనే, నీళ్ళలో వెన్న చుక్కలు. ఇక ఎస్.సి. అంటే మందు కరగదు కాబట్టి దాన్ని మెత్తటి పొడిగా నూరి నీళ్ళలో తేలేట్టు చేసింది. ఊరికే వదిలేస్తే పొడి అడుగుకి దిగిపోతుంది. దిగకుండా ఉండాలని అందులో జిగురు కలుపుతారు. లీటరుకి ఒకటి నుంచి మూడు గ్రాములు వేస్తే చాలు. మీరు సీసా వంచి చూసి మురిసిపోయే చిక్కదనం ఆ రెండు మూడు గ్రాముల జిగురుది. మందుది కాదు.

ఆ జిగురు పుట్టుపూర్వోత్తరాలు చెబితే మీకు నవ్వొస్తుంది. ఎక్కువగా వాడేది గ్జాంథాన్ అనే జిగురు. అది గ్జాంథోమోనాస్ కాంపెస్ట్రిస్ అనే బాక్టీరియా నుంచి తీస్తారు. అదెవరనుకున్నారు? క్యాబేజీలో నల్ల కుళ్ళు తెగులు తెచ్చేది. మన వరిలో బాక్టీరియా ఎండాకు తెగులు తెచ్చేదానికి దగ్గరి చుట్టం. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం పియోరియా ఊళ్ళో వాళ్ళ వ్యవసాయ శాఖ ప్రయోగశాల 1950ల్లో ఈ బంక పనికొస్తుందని కనిపెట్టింది. 1969లో తిండి పదార్థాల్లో వాడటానికి కూడా అక్కడ అనుమతి ఇచ్చారు. ఐస్‌క్రీములో, సాస్‌లో, టూత్‌పేస్టులో, మన మందు సీసాలో ఉండేది ఇదే. మన గోరుచిక్కుడు గింజల జిగురుది కూడా ఇదే పని. 2012లో రాజస్థాన్‌లో ఆ గింజల ధర ఆకాశానికి ఎక్కింది గుర్తుందా, అమెరికా చమురు బావుల వాళ్ళకి ఆ జిగురు కావాల్సొచ్చి. మనం కూర వండుకునే గోరుచిక్కుడుకి అంత గిరాకీ ఉందని అప్పుడే చాలామందికి తెలిసింది.

ఈ జిగుర్ల గొప్పతనం ఏంటంటే, కదలకుండా ఉన్నప్పుడు చిక్కగా, కదిలిస్తే పల్చగా ఉంటాయి. అరలో సీసా కూర్చున్నంతసేపూ పొడిని పట్టి ఉంచుతాయి. ఊపితే లొంగి ధారగా పడతాయి. నాజిల్ సన్న రంధ్రంలో గుండా దూసుకుపోయేటప్పుడు ఇంకా పల్చబడతాయి. చాలా తెలివైన ఏర్పాటు. కానీ ఆ తెలివి పనిచెయ్యాలంటే మనం ఊపాలి. ఏడాది అరలో ఉన్న ఎస్.సి. సీసా ఊపకుండా మూత తీసి పోస్తే పైన పల్చటిది వస్తుంది, అసలు సరుకు అడుగున ముద్దగా ఉండిపోతుంది. మొదటి ట్యాంకుల్లో మందు లేదు, చివరి ట్యాంకులో మోతాదుకి మూడింతలు. పొలంలో ఒక పక్క పురుగు చావలేదు, ఇంకో పక్క ఆకు మాడింది. షాపువాడిని తిట్టి ఏం లాభం? "బాగా ఊపి వాడండి" అని లేబుల్ మీద ఉంటుంది, కానీ చీమ తలకాయంత అక్షరాల్లో.

ఇక నూనె విషయం. నేను ఎక్కువ చెప్పాలనుకున్నది ఇదే.

మనలో చాలామంది వేపనూనె కొడతాం. మంచిదే. లీటరు నీళ్ళకి 5 మి.లీ. నూనె, ఒక గ్రాము సర్ఫు అని అందరికీ తెలిసిన లెక్క. కానీ ఎలా కలుపుతాం? ట్యాంకు నిండా నీళ్ళు పోస్తాం, నూనె పోస్తాం, సర్ఫు చల్లుతాం, కర్ర పెట్టి తిప్పుతాం. నురగ బ్రహ్మాండంగా వస్తుంది, నూనె మాత్రం పైన తేలుతుంది. ఎంత తిప్పినా అంతే. ఎందుకో ఆలోచించారా?

రోట్లో మినప్పప్పు రుబ్బే ఆడవాళ్ళని అడగండి. మొదట్లోనే నీళ్ళు ఎక్కువ పోస్తే పప్పు నలగదు, పొత్రం కింద నుంచి జారిపోతుంది. నీళ్ళు తక్కువ చిలకరించి గట్టిగా ఉన్నప్పుడే రుబ్బాలి. మెదిగాక కావలసినంత నీళ్ళు పోసుకోవచ్చు. నూనె చుక్క కూడా పప్పుగింజ లాంటిదే. దాన్ని చీల్చాలంటే చుట్టూ ఉన్నది దాన్ని పట్టి లాగాలి. పల్చటి నీళ్ళకి ఆ పట్టు లేదు, చుక్క జారిపోతుంది. చుట్టూ ఉన్నది చిక్కగా ఉంటే అదే చేత్తో, అదే కర్రతో తిప్పినా చుక్క మీద లాగుడు ఎన్నో రెట్లు ఎక్కువ. చుక్క సాగి, తెగి, చిన్నదవుతుంది.

కాబట్టి పద్ధతి తిరగెయ్యాలి. చిన్న బకెట్లో సర్ఫుని కాసిని గోరువెచ్చటి నీళ్ళలో ముందు కరిగించండి. అందులో వేపనూనె కొద్దికొద్దిగా పోస్తూ కర్రతో ఆపకుండా తిప్పండి. నూనె ఎక్కువ, నీళ్ళు తక్కువ ఉన్నప్పుడు చుక్కలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ మొత్తం మీగడలాగా ముద్ద కడుతుంది. నూనె పాలు నూటికి అరవై, డెబ్బై దాటితే చుక్కలకి కదిలే చోటుండదు, సంతలో జనంలాగా ఒరుసుకుంటాయి. కర్ర పెడితే కదులుతుంది, తీస్తే అలాగే నిలబడుతుంది. నీళ్ళూ నూనే, రెండూ విడివిడిగా పల్చటివే, న్యూటన్ మాట వినేవే. రెండూ కలిసి ఇరుకైతే మాట వినని ముద్ద అయింది. హోటళ్ళలో ఇచ్చే మయొనైజ్ అదే కదా. ఆ ముద్దగా ఉన్నప్పుడే బాగా తిప్పండి. తర్వాత కొద్దికొద్దిగా నీళ్ళు పోస్తూ పాలలా చేసి, అప్పుడు ట్యాంకులో పొయ్యండి. పైన నూనె జిడ్డు తేలకపోతే కుదిరినట్టు.

చుక్క సైజు ఎందుకంత ముఖ్యం అంటే, చుక్క రెండింతలు పెద్దదైతే పైకి తేలే వేగం నాలుగింతలు. పెద్ద చుక్కలు నిమిషాల్లో పైకి చేరతాయి. మన పంపులో పీల్చే గొట్టం అడుగున ఉంటుంది. అంటే మొదట నీళ్ళు కొడతాం, ట్యాంకు ఖాళీ అయ్యే చివర్లో నూనె కొడతాం. మా ఊళ్ళో ఒక మిరప తోటలో వరుసగా కాకుండా అక్కడక్కడా పాయలు పాయలుగా ఆకులు మాడి ఉంటే అందరూ తెగులు అన్నారు. లెక్కపెట్టి చూస్తే ప్రతి ట్యాంకు అయిపోయిన చోటే ఆ పాయ ఉంది. అది తెగులు కాదు, తేలిన నూనె.

బోరు నీళ్ళు ఉప్పగా, గట్టిగా ఉంటే ఇంకో చిక్కు. ఆ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం సబ్బుని పట్టుకుని తెట్టు కట్టిస్తాయి. సబ్బు పోతే నూనె చుక్కలకి కాపలా పోయినట్టే, ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. బట్టల సబ్బు నురగ రాని నీళ్ళతో వేపనూనె కలపకండి. కాలవ నీళ్ళో, వాననీళ్ళో చూసుకోండి.

కొందరు "జిగురు వేస్తే నూనె తేలదు కదా, గంజి కలుపుతాం" అంటారు. గంజి ఆకుకి అంటుకోవడానికి మంచిదే. మామిడిలో మసి తెగులు పొరలు లేవడానికి గంజి కొట్టమనే చెబుతారు. కానీ జిగురుతో ఒక మెలిక ఉంది. గ్జాంథాన్, గోరుచిక్కుడు జిగురు లాంటివి తగినంత ఉంటే చుక్కల్ని ఎక్కడివక్కడ పట్టి ఉంచుతాయి. చాలీచాలకుండా ఉంటే ఉల్టా జరుగుతుంది, చుక్కల్ని గుత్తులు గుత్తులుగా ఒకచోటికి నెడతాయి. గుత్తి అంటే పెద్ద చుక్క కింద లెక్క, ఇంకా త్వరగా తేలుతుంది. అందుకే చిటికెడు జిగురు వేసి నాలుగు రోజులు నిలవ ఉంటుందిలే అనుకోవడం కుదరదు. కలిపిన పూటే కొట్టెయ్యడం మేలు.

ఇప్పుడు అసలు గొడవకి వస్తున్నా. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు మనం ఏం చేశాం? చేతికందిన మందులన్నీ ఒకే ట్యాంకులో కలిపి కొట్టాం. భయం అలాంటిది, ఎవర్నీ తప్పు పట్టను. కానీ ఆ అలవాటు అక్కడితో పోలేదు. పోయినేడు మా దగ్గరి టౌన్లో ఒక షాపతను నా ముందే ఒక కుర్రాడికి నాలుగు సీసాలిచ్చి "అన్నీ కలిపి కొట్టెయ్ తమ్ముడూ" అని పంపించాడు. అందులో ఇ.సి. ఉంది, ఎస్.సి. ఉంది, పొడి ఉంది, బయో అని పేరుపెట్టిన చిక్కటి సీసా ఇంకోటి. ఏది ముందు పొయ్యాలో చెప్పలేదు. అడిగితే "ఏదైతే ఏముంది బాబాయ్, అన్నీ లోపలికేగా" అన్నాడు.

"మా నాయన కాలం నుంచి కలుపుతున్నాం, ఏమీ కాలేదు" అనేవాళ్ళకి నా జవాబు ఇది. ఇన్నాళ్ళూ మనల్ని కాపాడింది నీళ్ళు. 16 లీటర్ల పంపుతో ఎకరానికి పది ట్యాంకులు కొడితే 160 లీటర్ల నీళ్ళు. అందులో 400 మి.లీ. ఇ.సి. మందు పోస్తే నూటికి పావు పాలు. అంత పల్చన అయితే చుక్కకీ చుక్కకీ మధ్య ఎంతో దూరం. కలిపింది నీళ్ళలాగే పారుతుంది. ఒకటీ అరా విరిగినా కంటికి కనపడదు.

డ్రోన్ వచ్చాక ఆ కాపలా పోయింది. డ్రోన్‌తో ఎకరానికి సుమారు 10 లీటర్లే. అదే 400 మి.లీ. ఇ.సి., ఇంకో 400 ఎస్.సి., 160 లీటర్ల లెక్కన 800 మి.లీ. వేపనూనె. మొత్తం 1600 మి.లీ. పది లీటర్ల ట్యాంకులో అంటే నూటికి 16 పాళ్ళు మందే. చుక్కలు విడివిడిగా ఉన్నంతవరకు చిక్కదనం మెల్లగా పెరుగుతుంది. ఐన్‌స్టీన్ కట్టిన లెక్క ప్రకారం నూటికి నాలుగు పాళ్ళు గుండ్రటి రేణువులుంటే చిక్కదనం పదో వంతు పెరుగుతుంది, అంతే. దానికేం భయం లేదు. భయమల్లా చుక్కలు గుత్తులు కడితేనే. ఒక కంపెనీ సబ్బు ఇంకో కంపెనీ సబ్బుకి పడకపోతే గుత్తులు కడతాయి. గుత్తి లోపల నీళ్ళు ఇరుక్కుంటాయి కాబట్టి ఉన్న నూనెకంటే ఎక్కువ ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. తిప్పుతుంటే పల్చన, ఆపితే చిక్కన. బకెట్లో కర్రతో తిప్పినప్పుడు బాగానే ఉన్నట్టు కనిపించి, ట్యాంకులో పది నిమిషాలు కూర్చోగానే పేరుకుంటుంది. మేం చూసిన డ్రోన్ల ట్యాంకుల్లో కలియతిప్పే ఏర్పాటు ఏదీ లేదు. వడపోత జాలీలో పెరుగు ముద్దలాంటిది తీసి గట్టు మీద పారేసి, మళ్ళీ ఎగరేస్తారు. గట్టు మీద పడింది మన డబ్బు. మిగిలింది ఎంత మోతాదో దేవుడికే తెలియాలి.

డ్రోన్ వద్దని నేననడం లేదు. మందు మన ఒంటి మీద పడకుండా పని అవుతోంది, కూలీల కొరతలో అది చిన్న విషయం కాదు. నమో డ్రోన్ దీదీ కింద మన డ్వాక్రా అక్కలు కూడా నడుపుతున్నారు, సంతోషం. ఎగరెయ్యడం నేర్పినంత శ్రద్ధగా కలపడం కూడా నేర్పమంటున్నా. ఆంధ్రలో రైతు సేవా కేంద్రంలో, తెలంగాణలో రైతు వేదికలో ఒక గాజు సీసా, నాలుగు మందులు పెట్టి ఒక గంట చూపిస్తే చాలు. దీనికి బడ్జెట్ ఏమీ అక్కర్లేదు. కంపెనీల వాళ్ళు 1968 చట్టం ప్రకారం సీసాతో కరపత్రం ఇవ్వాలి, ఇస్తున్నారు. దాన్ని చదవగలిగే అక్షరాల్లో, "దీన్ని ఏ వరసలో కలపాలి, దేనితో కలపకూడదు" అని తెలుగులో పెద్దగా వెయ్యమని మనం అడగాలి. మోతాదు ఒక్కటే చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు.

అది జరిగేదాకా ఈ పరీక్ష మీరే చేసుకోండి. తెల్ల సీసా ఒకటి తీసుకుని అందులో మీరు వాడబోయే నీళ్ళే, అర లీటరు కొలతకి కొంచెం తక్కువగా పొయ్యండి. డ్రోన్‌కి అయితే డ్రోన్ లెక్కనే కలపాలి, పంపు లెక్కన కలిపి చూస్తే అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి. ఎకరానికి 400 మి.లీ. పోసే మందైతే అర లీటరుకి 20 మి.లీ. ముందు పొడి మందు, తర్వాత ఎస్.సి., తర్వాత ఇ.సి., నూనె లాంటివి ఆఖరున. ఒక్కొక్కటి పోశాక తిప్పి, పూర్తిగా కలిశాకే రెండోది. చివర్లో నీళ్ళు పోసి అర లీటరు చెయ్యండి. మూత పెట్టి పది సార్లు తలకిందులు చేసి, నీడలో అరగంట వదిలెయ్యండి. చేతికి గ్లౌజులు ఉండాలి. ఆ సీసా మళ్ళీ ఇంట్లోకి రాకూడదు, పిల్లలు తిరిగే చోట అసలు పెట్టొద్దు.

అరగంట తర్వాత ఏం చూడాలి? పాల మీద మీగడ కట్టినట్టు పైన తెల్లటి పొర ఉంటే కంగారు పడొద్దు. రెండుసార్లు తలకిందులు చెయ్యండి, మొత్తం మళ్ళీ పాలలా అయిపోతే పనికొస్తుంది, కాకపోతే కొట్టేటప్పుడు మధ్యమధ్యలో ఊపుతుండాలి. అలా కాకుండా మెరిసే నూనె పొర విడిగా కనిపించినా, పెరుగు గడ్డల్లా, ఇసకలా కనిపించినా అది వెన్న తేలినట్టు. చల్ల చిలికి వెన్న తీశాక దాన్ని మళ్ళీ చల్లలో కలపగలమా? ఇదీ అంతే, ఎంత ఊపినా తిరిగి కలవదు. ఆ మందులు ఆ రోజు కలపకండి. రెండు రోజులు ఎడంగా విడివిడిగా కొట్టుకోండి.

ఈ మధ్య మా పక్క పొలానికి వచ్చిన డ్రోన్ కుర్రాడికి ఇదంతా చెబితే, "అరగంట ఆగితే నాకు రెండు ఎకరాలు పోతాయి బాబాయ్" అన్నాడు. అతని లెక్క అతనిది, కాదనను. అందుకే ముందురోజు సాయంత్రమే మనం సీసాలో కలిపి చూసి పెట్టుకోవాలి. తెల్లారి అతను వచ్చేసరికి ఏ మందు ముందు, ఏది తర్వాత, ఏది వద్దు అని కాగితం మీద రాసి చేతికివ్వండి. సీసా అడుగున ముద్ద తేలినవాళ్ళు ఆ ఫోటో, మందు పక్కనుండే ఆ రెండు అక్షరాలు నాకు పంపండి. కంపెనీ పేరు అక్కర్లేదు.